జానెడు జరిగిన గోడ

హాలిస్టర్ ఊళ్లో ఇల్లు అమ్మేవాళ్లు దాని కింద భూకంపాలు పుట్టించే భూమి పగులు ఉందో లేదో కాగితం మీద చెప్పితీరాలి. 'ఉంది' అన్న గడిలో టిక్కు పెడితే చట్టానికి చాలు. ఎనభై రెండేళ్ల అవెలీనోకి చాల్లేదు.

"టిక్కు పెట్టావుగా పెద్దాయనా! ఇంకా భయపెడితే పారిపోతారు," అని బ్రోకరు డోరీన్ నెత్తీ నోరూ కొట్టుకుంది.

"పోతే పోనీ! గడి చూస్తే ఏం తెలుస్తుంది, నా మొహం?" అని కసిరి, ఇల్లు చూడవచ్చిన మరిసేలాను ఆయన పెరట్లోకి తీసుకెళ్లాడు.

అక్కడో మందపాటి ఇటుకగోడ. యాభై ఏళ్ల కిందట ఆయనా, భార్య ఇదలీనా దారం పట్టి తిన్నగా కట్టింది. ఇప్పుడది నడిమికి తెగి, ఒక సగం జానెడు పక్కకి జరిగిపోయింది. అలా బయటపడ్డ ఇటుక మీద ఏడాదికొకటి చొప్పున పెన్సిలు గీతలున్నాయి.

"ఆఖరి మూడూ నావి. మిగతావన్నీ మా ఆవిడ గీసినవే," అన్నాడు.

"అంత పెద్ద భూకంపం ఎప్పుడొచ్చింది, అవెలీనో గారూ?"

"రాలేదమ్మాయ్. చప్పుడుండదు, గ్లాసులో నీళ్లు కూడా తొణకవు. మేం నిద్రపోయినా, పోట్లాడుకున్నా కింద నేల నడుస్తూనే ఉంది. ఏదో ఒకరోజు పెద్ద అడుగే వేస్తుంది. ఎప్పుడో ఎవడికీ తెలీదు. తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది."

మరిసేలా మోకాళ్ల మీద కూర్చుని నేలకి అరచెయ్యి ఆనించింది. తర్వాత లేచి, ఇటుక మీది ఆఖరి గీతని వేలితో తడిమింది.

"సామానంతా పట్టుకెళ్లండి," అంది. "ఆ పెన్సిలొక్కటీ ఉంచండి."