నాన్న జెండాలు, కుక్కబిస్కట్ల బోర్డు

మా క్వార్టర్ పెరటిగోడకి వెనకవైపు ఒక కంత ఉండేది. వేపచెట్టు వేరు ఉబ్బి, నాలుగు వరసల ఇటుకలు రాలిపోయి ఏర్పడిన కంత అది. మనిషి దూరలేడు. మా కుక్క మాత్రం దూరాలనుకున్నప్పుడల్లా దూరేది. అవతల తుప్పలు, తుప్పల తర్వాత కాలిబాట, బాట దాటితే గూడ్సు లైను. బిలాస్‌పూర్‌లో గూడ్సు లైనంటే రోజంతా బొగ్గు బళ్లే.

మేస్త్రీని పిలిస్తే ఒక్క పూటలో అయిపోయే పని. కానీ ఇంట్లో మా నాన్న ఉన్నాడు. ఆయన ఉండగా మేస్త్రీని పిలవడమంటే ఆయన్ని అవమానించడమే. మొదట పాడైపోయిన కూలర్ తలుపు తెచ్చి కంతకి అడ్డం పెట్టాడు. కుక్క అందులోని గడ్డి మొత్తం పీకి, పెరడంతా పరిచి, దానిమీద ఒక కునుకు తీసి మరీ వెళ్లింది. తర్వాత తన పాత లైన్ బాక్సు పెట్టాడు. గార్డులు డ్యూటీకి వెంట తీసుకెళ్లే నల్ల ఇనప్పెట్టె అది. కుక్క దానిమీదికెక్కి గోడ దూకింది. అంతకుముందు పాపం వంగి వెళ్లాల్సి వచ్చేది.

నేను ఇక్కడి రైల్వే ఆఫీసులో గుమాస్తాని. క్వార్టర్ నా పేరు మీద ఉంది. నాతో అమ్మ, నాన్న, కాలేజీలో చదివే మా అమ్మాయి ఉంటారు. మా తాత బొగ్గు ఇంజన్ల కాలంలో శ్రీకాకుళం వైపు నుంచి ఇక్కడికి వచ్చాడు. నాన్న గార్డుగా చేసి రిటైరయ్యాడు. ఆయన దిగిపోయిన తర్వాత గార్డులందరినీ ట్రైన్ మేనేజర్లన్నారు. ఆ పేరు తనకి దక్కలేదన్న కోపం ఆయనకి ఇప్పటికీ ఉంది. మేనేజ్ చేద్దామంటే ఇంట్లో ఆడవాళ్లం ముగ్గురం లొంగలేదు. అప్పుడే బుధవారీ బజారు నుంచి కూరల సంచీ వాసన పట్టుకుని ఒక గోధుమరంగు కుక్క ఆయన వెంట ఇంటికొచ్చింది. మేం నలుగురం దాన్ని నాలుగు పేర్లతో పిలిచేవాళ్లం. అది ఏ పేరుకీ పలికేది కాదు.

కానీ జెండాకి పలికింది. రిటైరైన రోజున నాన్న తన జెండాలు అప్పగించి ఖాళీ చేతులతో ఇంటికొచ్చాడు. నాలుగు రోజులు ఆయన మొహం చూడలేక, అమ్మ పేరంటాల్లో వచ్చిన జాకెట్టు ముక్కల్లోంచి ఎర్రది ఒకటి, పచ్చది ఒకటి వెతికి తీసి, కర్రలకి కుట్టి ఇచ్చింది. ఎర్రదానికి సన్నటి జరీ అంచు కూడా ఉంది. కుక్క వచ్చాక ఆ జెండాలకి డ్యూటీ దొరికింది. నాన్న ఎర్రజెండా చాచి బిగబట్టి నిలబడితే కుక్క చతికిలబడేది. పచ్చజెండా ఊపితే లేచి పరిగెత్తేది. కాలనీ జనం టీ గ్లాసులు పట్టుకుని వచ్చి చూసి వెళ్లేవారు. ఉద్యోగంలో ఉండగా కూడా నాన్న అంత నిటారుగా నిలబడగా నేను చూడలేదు.

అయితే పరిగెత్తమని నేర్పాడు కానీ ఎటు పరిగెత్తాలో నేర్పలేదు. బండికి పట్టాలుంటాయి కాబట్టి గార్డు బుర్రకి ఆ ఆలోచన రాదు. కుక్క తనకి తోచిన లైనులో, అంటే కంతలోంచి, వెళ్లేది. నాన్న జెండా పట్టుకోని వేళల్లోనూ వెళ్లేది. ముఖ్యంగా పొద్దున్న అమ్మ పెరట్లో బట్టలు ఆరేసే వేళకి కచ్చితంగా మాయమయ్యేది. అమ్మ మొహం చూసి పారిపోతోందని నాన్న అనేవాడు. ఆ మాటకి రెండు పూటలు చారు మాత్రమే దొరికేది.

ఒకరోజు అలాగే వెళ్లి, ఆగి ఉన్న గూడ్సు బండి కింద కూర్చుంది. నాన్న జెండాలు రెండూ పట్టుకుని పరిగెత్తాడు. వెనకాల నేనూ, అమ్మా. తీరా అక్కడికి వెళ్లాక ఆయన కొయ్యబారిపోయాడు. పక్క లైనులో ఇంకో బండి వస్తోంది. ఎర్రజెండా విప్పితే ఆ బండి ఆగిపోతుంది. రిటైరైన మనిషి దారిన పోయే బండిని ఆపడమంటే మాటలు కాదు. పచ్చజెండా ఊపితే కుక్క లేచి సరిగ్గా ఆ బండి కిందికే వెళ్తుంది. రెండు జెండాలూ చంకలో ఇరికించుకుని, చేతులు కట్టేసుకుని, మా నాన్న అలా నిలబడిపోయాడు. బండి వెళ్లిపోయింది. అమ్మ మెడలో పుస్తెలు గట్టిగా పట్టుకునే ఉంది. తర్వాత అన్నం పళ్లెం గరిటెతో వాయిస్తే కుక్క దర్జాగా వచ్చింది.

ఇంటికొచ్చాక అమ్మ అరవలేదు. అందుకే మాకు భయమేసింది.

"ఇంకొక్క పాలి అది లైన్లోకి ఎల్లిందా, మస్తూరీ ఊర్లో మన పాలోడి పొలానికి పంపిచ్చెస్తాను. అక్కడ లైను నేదు, జెండాల్నేవు. అది బతుకుతాది, మీరూ బతుకుతారు" అంది.

ఆ మధ్యాహ్నం నాన్న కుక్క పక్కనే నేలమీద పడుకున్నాడు. లోకంలో ఆయన జెండా చూసి ఆగేది, కదిలేది అదొక్కటే మిగిలింది. అది కూడా వెళ్లిపోయేలా ఉంది.

ఇక్కడ మా అమ్మాయి రంగంలోకి దిగింది. దానికి పాతకాలం ప్రకటనల పిచ్చి. ఫోన్ నిండా కుక్కల తిండి ప్రకటనలే. ఒక దాంట్లో కుక్క కళ్లజోడు పెట్టుకుని పేపరు చదువుతుంది. ఇంకో దాంట్లో టోపీ పెట్టుకున్న దొరసాని మోకాళ్ల మీద కూర్చుని వెండి పళ్లెంలో బిస్కట్టు అందిస్తుంది. వాటిలో ఒక్క కుక్కకీ పెరడు లేదు, కంత లేదు. అన్నీ సోఫాల మీదే ఉన్నాయి. ఆ పిచ్చితోనే మా అమ్మాయి తఖత్‌పూర్ రోడ్డులో పాత సామాన్లు అమ్మే ఒక కబాడీ కొట్టుకి వెళ్లి, పాత రేకు బోర్డు ఒకటి ఆటోలో వేసుకొచ్చింది.

సరిగ్గా కంతకి సరిపోయే బోర్డు. మెరిసే ఆకుపచ్చ రంగు. మధ్యలో మెడకి టై కట్టుకున్న తెల్లటి బొద్దుకుక్క, బల్ల ముందు రెండు కాళ్ల మీద నిలబడి ఉంది. కంపెనీ పేరుని తుప్పు తినేసింది. ఈ బిస్కట్లు తిన్న కుక్కకి బలమూ, నిగనిగా, మర్యాదా వస్తాయని కింద ఇంగ్లీషులో రాసి ఉంది. మా అమ్మాయి చదివి చెప్పింది. అమ్మ ఆ బొమ్మని కిందనుంచి పైదాకా చూసింది.

"ఇది ఏటి తింటాదో రాసినారు గానీ, ఎవులు వొండతన్నారో రాయనేదు" అంది.

బోర్డు ప్రభావంతో మా అమ్మాయి ఒక బిస్కట్ల పొట్లం కూడా కొంది. నాన్న గూడ్సు పెట్టెల సీళ్లు చూడందే బండి కదలనిచ్చే మనిషి కాదు. ముందు తను ఒకటి తిన్నాడు. టీలో ముంచితే బాగుందని ఇంకొకటి తిన్నాడు. కుక్క వాసన చూసి అమ్మ చేసిన పప్పన్నం దగ్గరికి వెళ్లిపోయింది. వారం తిరిగేసరికి పొట్లం అయిపోయింది. నిగనిగ కొంచెం వచ్చినా మర్యాద మాత్రం రాలేదని నాన్న గురించి అమ్మ తేల్చింది.

బోర్డుని నాన్న పైన రెండు తీగలతో కట్టి కంత మీద వేలాడదీశాడు. కిందనుంచి వాన నీళ్లు పోవాలని అడుగున కట్టకుండా వదిలేశాడు. కుక్క టై కట్టిన కుక్కని చూసి కాసేపు మొరిగి, జవాబు రాకపోయేసరికి ఊరుకుంది. రెండు రోజులు పొద్దున్నే కంతదాకా వెళ్లి, ఆ బొమ్మని చూసి వెనక్కొచ్చేది. మూడోరోజు బొగ్గుబండి ఒకటి జోరుగా వెళ్లింది. దాని గాలికి బోర్డు అటూ ఇటూ ఊగింది. కుక్క చటుక్కున లేచి బోర్డు కిందనుంచి దూరిపోయింది. నేను కొంగు దోపుకుని పరిగెత్తి, బాట మీద దాని మెడపట్టీ పట్టుకున్నాను. అమ్మ గుడికి వెళ్లి ఉండబట్టి ఆమెకి చెప్పకుండా దాచాం.

తప్పంతా రంగుదేనని నాన్న తీర్పు చెప్పాడు. మూసిన గేటుకి పచ్చ రంగు ఎవడైనా వేస్తాడా, కుక్క రూలు ప్రకారమే వెళ్లిందని వాదించాడు. ఎర్ర రంగు వేస్తానన్నాడు. అంత పాత బొమ్మని పాడుచేస్తే తనతో మాట్లాడనని మా అమ్మాయి చెప్పింది. అది కాలేజీకి వెళ్లగానే నాన్న డబ్బా తెరిచి, టై, బల్ల, మర్యాద, అన్నిటి మీదా ఎర్ర రంగు పూసేశాడు. నాకు ఒళ్లు మండింది. సాయంత్రం అది వచ్చి చూసి ఏడ్చింది. నాన్న తన పళ్లెంలో అప్పడం తీసి దాని పళ్లెంలో వేశాడు. అది తినలేదు.

మర్నాడు ఇంకో బొగ్గుబండి వెళ్లింది. ఎర్రబోర్డు ఊగింది. కుక్క ఎర్రబోర్డు కిందనుంచే వెళ్లిపోయింది. అదృష్టం, ఆ పక్క లైను పనివాళ్లు దాన్ని పట్టుకుని తెచ్చి ఇచ్చారు. ఈసారి అమ్మ ఇంట్లోనే ఉంది. కానీ ఆమె నోరు తెరవకముందే నాన్న మాట్లాడాడు.

"రెడ్ దాటేసినాదే. ఇంక నా మాటేటి ఇంటాది. పాలోడికి ఫోన్ సెయ్యి" అన్నాడు.

సిగ్నల్ ఎర్రగా, డేంజర్‌లో ఉండగా దాటడం కన్నా పెద్ద నేరం మా ఇళ్లల్లో లేదు. నాన్న రెండు జెండాలూ చుట్టి లైన్ బాక్సులో పెట్టి మూత వేశాడు. ఆ మూత చప్పుడికి మా అమ్మాయి గదిలోంచి బయటికొచ్చింది. అలిగిన మనిషి అయినా ఫోన్‌లో ఏదో వెతికి, నాకు చూపించింది. కుక్కలకి ఎరుపూ, ఆకుపచ్చా విడిగా కనబడవట. రెండూ ఒకటే మాసిన రంగులా ఉంటాయట. నాన్న నమ్మలేదు. ఇన్నాళ్లూ అది తప్పు చేయలేదు కదా అన్నాడు.

"తాతా, రుకో. పచ్చది తియ్, కానీ ఊపకు. బస్, ఊరికే పట్టుకో" అని మా అమ్మాయి తన హిందీ కలిపిన తెలుగులో ఆపింది.

నాన్న అయిష్టంగా పచ్చజెండా చాచి బిగబట్టి నిలబడ్డాడు. కుక్క చతికిలబడింది. తర్వాత జరీ అంచు ఎర్రజెండా ఊపాడు. కుక్క లేచి పరిగెత్తింది. కంత దగ్గర కాళ్లు చాపి నేను కూర్చున్నాను కాబట్టి ఆగింది. నాన్న రెండు చేతులూ కిందికి దించేశాడు.

"అయితే జెండా సూడనేదన్నమాట. నా సెయ్యి సూసింది" అన్నాడు.

మా అమ్మాయి కళ్లు తుడుచుకుని, బోర్డు ఊగకుండా కింద కూడా రెండు మేకులు కొట్టాలని చెప్పింది. నాన్న వెంటనే సుత్తి తెచ్చాడు. మేకు తనే పట్టుకుంది. నీళ్లు పోవడానికి పక్కన చిన్న గొట్టం పెట్టారు. దగ్గరికి వెళ్లి చూస్తే, ఎర్ర రంగు కింద టై ఇంకా కొద్దిగా కనిపిస్తుంది.

ఆ సమయానికి అమ్మ ఉతికిన బట్టల బకెట్టు పట్టుకుని పెరట్లోకి వచ్చింది. తడి చీర తీసి, రెండు చేతులా పట్టుకుని, రోజూలాగే గట్టిగా జాడించబోయింది. కుక్క చెవులు నిక్కబొడుచుకుంది. అమ్మ చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. రోజూ పొద్దున్నే దానికి పచ్చజెండా ఊపుతున్నది ఎవరో మా నలుగురికీ ఒక్కసారే అర్థమైంది. నాన్న నవ్వబోయి, రెండు పూటల చారు గుర్తొచ్చి ఊరుకున్నాడు.

అమ్మ చీర మళ్లీ బకెట్టులో వేసుకుని లోపలికి వెళ్లిపోయింది. పాలవాడి మాట మళ్లీ ఎత్తలేదు. అప్పట్నుంచి బట్టలన్నీ బాత్రూంలో తలుపు వేసుకుని జాడిస్తుంది. గోడలన్నీ తడిసిపోతున్నాయని నేను సణుగుతూనే ఉన్నాను.