టేపు పట్టి కట్టిన గూడు

మా పిన్ని మనిషిని చూసి చొక్కా కొలత చెప్పేస్తుంది. అయినా టేపు మెడలోంచి తీయదు. కొలిపించుకుంటే గానీ వచ్చినవాళ్లకు నమ్మకం కుదరదంటుంది. ముందుగదిలో కుట్టుమిషను, పెరట్లో నాలుగు కోళ్లు. బాబాయి పోయాక ఆ ఇంట్లో గొంతెత్తి మాట్లాడేవి ఆ కోళ్లే.

అలాంటి ఇంటికి బాబాయి అక్క వచ్చింది. పిన్ని ఆమెను వదిన అంటుంది, దాంతో వీధంతా వదినగారనే పిలుస్తోంది. ఆవిడ అద్దెకుంటున్న ఇంటి యజమానులు జంతువులు పనికిరావన్నారట. ఆవిడ వెంట ఒక పెద్ద చెక్కపెట్టె, ఒక జత కుందేళ్లు, వాటికన్నా చిన్నవి, తోకలేని ఎలుకల్లాంటివి రెండు గినీ పందులు. "ఇవి ఇక్కడ ఇమడకపోతే వేరే గది చూసుకుంటాను" అని గుమ్మంలోనే చెప్పేసింది. బట్టలు పెట్టెలోంచి తీసుకోవడం, మళ్లీ మూత వేయడం. బీరువాలో పిన్ని ఆవిడ కోసం ఖాళీ చేసిన అర ఖాళీగానే ఉండిపోయింది. అది చూసినప్పుడల్లా పిన్నికి ప్రాణం ఉసూరుమనేది. పొద్దున లేవగానే ఇంకో మనిషి గొంతు వినపడే ఇల్లు ఆమెకు మళ్లీ కావాలి.

పెరడు చూస్తే రెండు మంచాలు పట్టేంత. అన్నిటినీ ఒకే కంచెలో ఉంచుదామంది పిన్ని.

"కోళ్లు పొడుస్తాయమ్మాయ్!"

"అందితే కదా వదినా పొడిచేది! ఎవరి గది వాళ్లది, ఎవరి గుమ్మం వాళ్లది. కొలతలు నాకొదిలెయ్."

కోళ్లు పడుకునే కర్రను, రెట్ట కుందేళ్ల నెత్తిన పడకుండా, దూరంగా ఒక మూల బిగించింది. కోళ్ల దాణా కుందేళ్లకు అందకుండా ఎత్తున వేలాడదీసింది. కింద కుందేళ్లకో చెక్క గది, పక్కన గినీ పందులకు ఇంకా చిన్నది. ఇక గుమ్మాలు. కుందేలును ఒళ్లో పెట్టుకుని పొట్ట చుట్టూ టేపు పట్టి, వదులుకు కాస్త కలిపింది. కోడికీ కొలత తీసింది. కోడే లావు తేలింది. "ఇదింక దూరినట్టే!" అని నవ్వి కుందేలు కొలతకే గుమ్మం కోసేసింది. వీటికి జాకెట్లు కుడతావా ఏమిటని అడగబోయి నోరు మూసుకున్నాను. పనిలో ఉన్న పిన్నికి సలహాలు గిట్టవు.

మర్నాడే కోడి కుందేళ్ల గది లోపల ఉంది. ఆడకుందేలు చెవి మీద రక్తం.

టేపు కొలిచింది ఈకలను. ఈకలు అణుచుకుంటే కోడి ఎంత సన్నమో ఇన్నేళ్లుగా కోళ్లు పెంచుతున్న మనిషికి తట్టలేదు.

వదినగారు కేకలు వేయలేదు. చెవికి మందు రాసి, "ఆదివారం గది చూడటానికి వెళ్తాను" అంది. తిట్టినా పిన్నికి అంత బాధ కలిగేది కాదు.

"వెళ్దువుగాని. ఆదివారం ఇంకా రాలేదుగా" అంటూ పిన్ని టేపు తీసి మేకుకు తగిలించింది. ఆ మెడ బోసిగా ఉండగా నేను చూడటం అదే మొదటిసారి. కుట్టుపని ఆపేసి, పెరట్లో పీట వేసుకుని కూర్చుని వాటినే చూసింది. కోడి అన్నిట్లోనూ దూరుతుంది గానీ, లోపల చీకటిగా ఉంటే మెడ చాచి, ఆగి, వెనక్కి తిరుగుతుంది. కుందేలు ఆ చీకట్లోకే పోయి హాయిగా పడుకుంటుంది. అంతే, పిన్ని గుమ్మాల ముందు చెక్కలతో మెలిక తిరిగిన సొరంగాలు బిగించి, పైన గోనెపట్టాలు కప్పింది. గినీ పందులదైతే కుందేలు తల కూడా పట్టనంత ఇరుకు.

"ఈసారేం కొలిచావు?" అంది వదినగారు.

"ఏమీ లేదు. చూశానంతే. ఇక ఏ కోడి దూరుతుందో నేనూ చూస్తా!"

ఆదివారం పీట మీద వదినగారు కూర్చుంది. కోడి వచ్చింది, సొరంగంలో తల పెట్టింది, ఎవరో అవమానించినట్టు వెనక్కి వచ్చేసింది. దాని పక్కనుంచే కుందేలు లోపలికి జారిపోయింది. వదినగారు లేచి ఇంట్లోకి వెళ్లింది. చాలాసేపు రాలేదు. వచ్చేటప్పుడు చెక్కపెట్టె ఈడ్చుకుంటూ వచ్చింది.

పిన్ని పెట్టెకు అడ్డంగా వచ్చి నిలబడింది.

"అలా నిలబడ్డావేం? ఓ చెయ్యి వెయ్! ఆడకుందేలు బొచ్చు పీక్కుంటోంది, రేపో మాపో పిల్లల్ని పెడుతుంది. వాటికో పెట్టె వద్దూ?"

పిన్ని మూత ఎత్తింది. లోపల ఒక్క బట్ట లేదు. గబగబా వెళ్లి బీరువా తెరిచింది. ఖాళీ అర ఒక్కటీ సరిపోలేదేమో, వదినగారు పిన్ని అరలో కూడా సగం ఆక్రమించేసింది.