అకిలీస్ పేరు చివరి ఎస్

డెబ్బైల్లో గోదావరిఖని క్వార్టర్లో ఉంటూ నేను ప్రైవేటుగా బి.ఏ. చదివేదాన్ని. ఇంగ్లీషులో సందేహం వస్తే పక్కింటి టీచరక్కను అడిగేదాన్ని. ఒకరోజు పాఠంలో అకిలీస్ అనే గ్రీకు వీరుడి మడమ గురించి వచ్చింది. 'అకిలీస్ యొక్క' అనడానికి అతని పేరు చివర అపాస్ట్రఫీ అనే చిన్న కొక్కెం గుర్తు మాత్రమే ఉంది, దాని తర్వాత రావలసిన ఇంకో ఎస్ లేదు.

"అక్కా, బస్సుకైతే కొక్కెం పెట్టి ఇంకో ఎస్ పెడతం గద. ఈయనకెందుకు పెట్టలె?" అని అడిగాను.

అక్క బియ్యంలో రాళ్లు ఏరడం ఆపింది. "పాతకాలపు పేర్లకు పెట్టరని చదివిన. ఎందుకో నాకు తెల్వది. పెట్టి పలికి చూద్దాం."

ఇద్దరం "అకిలీసెస్, అకిలీసెస్" అని పలికాం. రెండోసారికే నాలుక తడబడింది. అప్పుడే డ్యూటీ దిగి వచ్చిన మా ఆయన కర్ర పట్టుకుని గుమ్మంలోనే నిలబడ్డాడు.

"ఇంట్ల పాము జొచ్చిందా ఏంది? బుస్సుమంటుంది" అన్నాడు.

అక్క నవ్వీ నవ్వీ కళ్లు తుడుచుకుంది. "గిందుకే వదిలేసిన్రేమో" అంది.

పలకడం కష్టమనే వదిలేస్తారని తర్వాత ఒక వ్యాకరణ పుస్తకంలో చదివాను. కొందరు ఎస్ పెట్టే రాస్తారట, అదీ తప్పు కాదట. పరీక్షలో నేను మాత్రం పెట్టలేదు. రాసేముందు పెదవులు కదిపి ఒకసారి పలికి చూసుకున్నాను.