బండ మీద ఖాళీ డబ్బాలు

రోడ్డు పక్కన గొడ్లకు నీళ్ల తొట్టి కట్టినప్పుడు, చందా ఇచ్చినవాళ్ల పేర్లతో ఒక బండ నిలబెట్టాలనుకున్నాం. మా పక్క ఇది మామూలే. నీళ్లు తాగే ఎద్దుకు ఎవరిచ్చారో పట్టదు గానీ, ఇచ్చినవాడికి తన పేరు, పక్కన అంకె రాతిలో కనపడాలి. అంకెల ముందు ‘రూ.’ అని రాయిద్దామన్నాడు కమిటీ పెద్దమనిషి. నేను అడ్డం పడ్డాను. రూపాయి బిళ్ల మీదుండే గుర్తే పెట్టాలన్నాను.

నాకు మనవలు పుట్టాక అక్షరాలు వచ్చాయి. వయోజనుల బడిలో అన్నిటికన్నా చివర నేర్చుకున్నది ఆ గుర్తే. పైన రెండు అడ్డగీతలు, ఒక వంపు, కిందికి చాచిన కాలు. పలక అరిగేదాకా దిద్దాను. అంత కష్టపడి నేర్చుకున్నదాన్ని వాడకపోతే ఎట్లా?

“సరేలే అక్కా, నీ మాటే కానీ. తేడా వచ్చిందంటే మాత్రం అందరి ముందరా తొట్టికాడ నిన్నే నిలబెడతాం” అన్నాడు పెద్దమనిషి. అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. ఆయన అన్నంత పనీ చేసే మనిషి.

అందుకే తాడిపత్రిలో టైపు చేసే అంగడికి నేనే పోయి కూర్చున్నాను. తెర మీద ప్రతి అంకె ముందూ నా గుర్తు కాలు చాచుకుని నిలబడింది. అంగడి అమ్మాయి దాన్ని బండలు చెక్కేచోటికి ఫోన్‌లోనే పంపేసింది. నేను నిశ్చింతగా బస్సెక్కాను.

తొట్టికి నీళ్లు వదిలే ముందురోజు చెక్కేచోటికి పోయి బండ చూశాను. పేర్లు బాగున్నాయి. ప్రతి అంకె ముందు మాత్రం ఒక ఖాళీ డబ్బా చెక్కి ఉంది. నాలుగు గీతలు, లోపల ఏమీ లేదు.

“ఏమప్పా, ఈ కిటికీలేంది?” అన్నాను.

చెక్కే ఆయన తన కంప్యూటర్‌లోంచి తీసిన కాగితం చూపించాడు. అందులోనూ డబ్బాలే. “కాగితంలో ఎట్లుంటే అట్ల చెక్కుతామవ్వా. అర్థాలు అడుక్కుంటా కూచుంటే ఒక్క బండా లేయదు.”

కాగితం మీద టీ మరక పడితే అదీ చెక్కుతావా అని అడిగాను. గీత మాదిరి ఉంటే చెక్కుతానన్నాడు.

టైపు అమ్మాయికి ఫోన్ చేయించాను. కంప్యూటర్‌లో అక్షరం అక్షరంగా ఉండదట. ప్రతిదానికీ ఒక నంబరు ఉంటుందట. ఇక్కడినుంచి అక్కడికి పోయేది ఆ నంబరే. దానికి తగిన బొమ్మను అవతలి కంప్యూటర్ తన దగ్గరున్న బొమ్మల్లోంచి తీసి వేసుకోవాలి. ఈ బండల అంగడిది రూపాయి గుర్తు పుట్టకముందటి కంప్యూటర్. నంబరు చేరింది, దాని దగ్గర బొమ్మ లేదు. తనకు తెలియదని ఖాళీ డబ్బా గీసి ఊరుకుంది.

నా కోపం సగం దిగింది. చాలా ఏళ్లు అనంతపురం బస్టాండులో బోర్డుల మీద అక్షరాలన్నీ నాకూ డబ్బాలే. తెలియదని చెప్పలేక, కళ్లజోడు మర్చిపోయి వచ్చాననేదాన్ని. నాకు కళ్లజోడే లేదు. ఈ కంప్యూటర్ నాకన్నా నయం.

కానీ తెల్లారితే ఊరంతా తొట్టి దగ్గర ఉంటుంది. ఇంకో బండ చెక్కేంత టైము లేదు. డబ్బాలో వేలు పెట్టి చూశాను. గీతలే లోతు, నడుమ పాలిష్ అట్లాగే నున్నగా ఉంది.

“లోపల జాగా ఉండాది కదప్పా. గుర్తును ఈడ కూర్చోబెట్టు.”

“కాగితం యాడుండాది?”

“సుద్దముక్క ఇయ్యి.”

ఒక్కో డబ్బాలో నా చేత్తోనే గీశాను. చివరిదానికి సుద్ద జారి కాలు కొంచెం పొడుగైంది. చెక్కే ఆయన మాట మీద నిలబడే మనిషి, ఆ పొడుగు కాలును కూడా ఉన్నదున్నట్టు చెక్కాడు.

మరునాడు నీళ్లు వదిలారు. ఎవరూ నిలబెట్టకముందే నేను పోయి తొట్టి పక్కన నిలబడ్డాను. పెద్దమనిషి బండను పైనుంచి కిందిదాకా చూశాడు, ఒక డబ్బాను వేలితో తడిమాడు. తరువాత నావైపు తిరిగి, బాగా నొచ్చుకున్నట్టు అడిగాడు:

“గుర్తుకేమో చట్రం కట్టించినావు. నా పేరుకు ఎందుకు కట్టించలేదక్కా?”