కాయ ఒలవడం రాని అక్క

స్కూల్లో ఆమె ఉద్యోగం సోషల్ వర్కర్. మేం మాత్రం బడక్క అనేవాళ్ళం. బడి మానేసిన పిల్లల ఇంటికి వెళ్ళి, చదువు మాటే ఎత్తకుండా, ఆ ఇంట్లో ఏ పని జరుగుతుంటే అందులో చేయి పెట్టేది.

నేను ఎనిమిదిలో ఉన్నప్పుడు, విత్తనానికి చెనక్కాయలు ఒలవాలని నాయన నన్ను బడి మాన్పించాడు. మరునాడే బడక్క వచ్చి కాయల కుప్ప ముందు కూర్చుంది. ఆమె ఒలిచిన ప్రతి గింజా రెండు బద్దలయ్యేది. బద్దలు మొలవవు కాబట్టి వాటిని నోట్లో వేసుకుని ఇంకో కాయ అందుకునేది. నాయన మధ్యాహ్నం దాకా ఓర్చుకున్నాడు.

"ఏమ్మా, ఇట్లయితే ఇత్తనమే మిగల్దు. నువ్వు ఎప్పుడు పోతావు?"

"పాప వస్తే ఇప్పుడే పోతాన్లే అన్నా."

"తీసకపో తల్లీ. రేపట్నుంచి నేనే పంపిస్తా, నువ్వు మాత్రం రావాకు."

దారిలో ఆమె కొంగులోంచి ఒక కాయ తీసి బొటనవేలితో చిటుక్కున నొక్కింది. రెండు గింజలూ పైపొర చెదరకుండా అరచేతిలో పడ్డాయి.

"నన్నూ దీనికే బడి మాన్పించినారు పాపా," అంది. "మీ నాయనకు చెప్పాకు."

చెప్పలేదు. ఇప్పటికీ ఒలుపు రోజులొస్తే నాయన ఆమెను తలుచుకుంటాడు.

"పాపం, ఆ యమ్మకు కాయ ఒలిచేకే రాదు."