అత్తమ్మ దీపం పెట్టని రోజులు

దేవుడి గదిలో ఎవరి మాట నెగ్గాలన్న తగువు నేను కాపురానికొచ్చిన మొదటి నెలలోనే మొదలైంది. డిగ్రీ చదివిన కోడలిని కదా, నెలసరి రోజుల్లోనూ దీపం పెడతానన్నాను. "నీ డిగ్రీ దేవునికి తెల్వది బిడ్డా" అని మా అత్తమ్మ తలుపు గడియ పెట్టింది. ఆ గడియ ఇరవై ఆరేళ్లు నెలకు మూడు రోజులు పడుతూనే ఉంది, నేను వాదిస్తూనే ఉన్నాను. పన్నెండేళ్ల కింద ఆమెకు నెలసరి ఆగిపోయింది. ఇక నెలంతా దీపం తనదే. "నాకిప్పుడు అడ్డం లేదు, నీకున్నది" అని జనగామలో మా వీధంతా వినేట్టు అనేది.

అలాంటి మనిషి కిందటేడు వానాకాలంలో ఒకరోజు పొద్దున్నే, "నడుము లేస్తలేదు, దీపం నువ్వు వెట్టు" అంది. గెలిచాననుకున్నాను. నాలుగో రోజు తలస్నానం చేసి వచ్చి నా చేతిలోని వత్తులు లాక్కుంది. నెల దాటాక మళ్లీ నడుము నొప్పి, మళ్లీ మూడు రోజులు, మళ్లీ తలస్నానం. మూడోసారి ఆమె చాప తీసుకెళ్లి వసారాలో పరుచుకుంటే గానీ నాకు వెలగలేదు. నడుము నొప్పికి లెక్కగా నాలుగో రోజు తలస్నానం ఎవరు చేస్తారు?

పెరట్లోకి వెళ్లి చూస్తే, తీగ మీద నా నైటీ కింద దాచి ఆరేసిన పాత చీర పీలికలు కనిపించాయి. వాటిని తీసి వసారాలోకి తెచ్చాను.

"ఏంది అత్తమ్మా ఇవి?"

"నీ కండ్లు అన్నిట్ల వడాలె."

నేను కదల్లేదు. ఆమె చాప అంచు గోటితో గీరుతూ కూర్చుంది.

"మల్ల మొదలైనయ్. మూడు నెలల సంది. అరవై ఆరేండ్లకు గిదేం సిగ్గుమాలిన పని. నీ మొగనికి చెప్పకు."

భూపాలపల్లిలో ఉన్న మా ఆడబిడ్డకు మాత్రం చెప్పిందట. ఆమె ఫోన్లో, "మోకాళ్ల నొప్పుల గోలీల వేడి వదినా. సబ్జాలు తాగమన్న. పరేషాన్ గాకు" అంది. ఆమెను తిట్టడానికి నాకు నోరు రాలేదు. ఆగిపోయిన నెలసరి ఎన్నేళ్లకైనా ఒకసారి తిరిగి రావచ్చేమో అని నేనూ అనుకున్నాను. చదువుకునే రోజుల్లో గర్భసంచి బొమ్మ గీసి, భాగాల పేర్లు రాసి మార్కులు తెచ్చుకున్నదాన్ని. ఆగిపోయాక రక్తం కనిపిస్తే ఏం చేయాలో ఆ పాఠంలో లేదు. అయినా మనసు ఒప్పుకోలేదు.

"దవాఖానకు పోదాం నడు."

"నేను రాను. పోతే సంచి తీసేస్తరు. మా తల్లిగారి ఊరు పెద్దవంగరల నా ఈడుదానికి ఒక్కదానికన్న ఉన్నదా సంచి? కడుపు నొస్తుందని పోయినోళ్లకు గూడ సంచి కోసి పంపిరి."

అది అబద్ధం కాదు.

"తియ్యాల్నంటే ఎందుకో చెప్పమందాం. చెప్పకుంటే నేనే కొట్లాడుత. నా నోరు నీకు తెల్వదా?"

"ఎందుకు తెల్వది, ఇరవై ఆరేండ్ల సంది పడుతున్న" అంటూ చెప్పులు వేసుకుంది.

డాక్టరమ్మ అడిగిన మొదటి ప్రశ్నకు, "నెలనెలా, మూడు రోజులు" అని అత్తమ్మ టక్కున చెప్పింది. డాక్టరమ్మ ఊరుకోకుండా తరచి అడిగితే తేలింది: మొదటిసారి కనిపించింది ఒక్కరోజు మరకే. రెండోది ఐదు వారాలకు, పూటసేపు. మూడు రోజులన్నది రక్తం పెట్టిన లెక్క కాదు, అత్తమ్మ పెట్టుకున్నది. ఒక్క చుక్క చూసి, మూడు రోజులు దూరం కూర్చుని, దాన్ని నెలసరి చేసేసింది.

"ఏడాదిపాటు ఆగిపోయినంక ఒక్క చుక్క కనవడ్డా అది ముట్టు కాదమ్మా" అంది డాక్టరమ్మ. "రెండోసారి వస్తదా అని చూడొద్దు, వెంటనే రావాలె. చాలామందికి లోపలి పొర పలచబడో, చిన్న కండ పెరిగో వస్తది, భయం లేదు. కొందరికి మాత్రం అది క్యాన్సర్‌కు మొదటి గుర్తు. పరీక్ష చెయ్యకుండ ఏదని నేను చెప్పలేను."

స్కానింగులో పొర మందంగా కనిపించింది. ఆ పొర నుంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు.

ఫలితం కోసం ఎదురుచూసిన రోజుల్లో మరక కనిపిస్తూనే ఉంది. అత్తమ్మ చాప వసారాలోనే ఉంది.

"ముట్టు కాదన్నది గదా డాక్టరమ్మ" అన్నాను. "పోయిన నెల ఉల్లిగడ్డ కోస్తుంటే నీ వేలు తెగింది. ఆ పూట దీపం పెట్టలేదా నువ్వు?"

"పెట్టిన."

"మరి?"

అత్తమ్మ లేచి చాప చుట్టింది. ఇరవై ఆరేళ్లలో నేను నెగ్గిన మొదటి వాదన అది. దేవుడి గదిలోకి వెళ్లి అగ్గిపుల్ల గీసింది. నేను గడప ఇవతలే నిలబడి, ఈ వాదన ఓడిపోయినా బాగుండేదనుకున్నాను. ఆమెకు ఏమీ కాకుండా, ఆ గడియ నా మీదే పడుతూ ఉంటే చాలనిపించింది.

ఫలితం వచ్చింది. ఇంకా క్యాన్సర్ కాలేదు, కానీ ఆ దారి పట్టింది. వదిలేస్తే అవుతుంది, గర్భసంచి తీయడమే మంచిదన్నారు. నేను కొట్లాటకు సిద్ధపడే వెళ్లాను. ఎందుకని అడిగాను, మందులతో పోదా అని అడిగాను, అడిగిందే మళ్లీ అడిగాను. డాక్టరమ్మ విసుక్కోకుండా కాగితం మీద బొమ్మ గీసి చెప్పింది. అత్తమ్మ నా మొహం చూసింది.

"కొట్లాడవా?"

"అక్కర లేదు అత్తమ్మా."

"అయితే తియ్యమను."

ఆపరేషన్ బాగా జరిగింది. వంగొద్దన్నారు కాబట్టి కొన్ని వారాలు దేవుడి గది గుమ్మంలో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చునేది. దీపం నాది, నోరు ఆమెది. వత్తి పొడుగైందనేది, నూనె ఒలకబోస్తున్నాననేది. ఒకరోజు ఉన్నట్టుండి అడిగింది.

"నీకు ముట్టు ఆగి ఎన్ని నెలలాయె?"

"నాలుగు."

వేళ్ల మీద లెక్కపెట్టుకుంది. "ఏడాది దాటినంక ఒక్క మరక కనవడ్డా నాకు చెప్పాలె. దాచినవనుకో, నీ మొగనికి కాదు, వీధిల అందరికీ చెప్త."

"నా లెక్క నీకెందుకు?"

"ఇన్నేండ్లు లెక్క చూసి గడియ పెట్టింది ఎవరు మరి?" అని, "ఆ వత్తి ముందుకు జరుపు" అంది.

జరిపాను.