జరీ కాలరు కోటు

టేపత్త కోటు చేతికి తాత్కాలికంగా వేసిన కచ్చాకుట్లు ఒక్కొక్కటే విప్పుతోంది. మెడలో ఎప్పుడూ వేలాడే టేపు వల్ల ఆమెకు ఆ పేరొచ్చింది. ఏ గుడ్డనైనా ముందు బుగ్గకు ఆనించి చూస్తుంది, ఆ తర్వాతే కత్తెర పెడుతుంది. ఇప్పుడు ఆమె ఒళ్లో ఉన్నది కొత్త సినిమాలో కోటీశ్వరుడు వేసుకున్నదానిలాంటి జరీ కాలరు కోటు. డబ్బున్నవాళ్లను ఆటపట్టించే ఆ సినిమాకు నేల తరగతి పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది, బాల్కనీ మూతి ముడుచుకుంది. ఆ సినిమా చూసిన ఒక కారు డ్రైవరు మాత్రం కోటు మీద మనసు పడి, తన పెళ్లికి అదే కుట్టమన్నాడు.

కోటు తీసుకోవడానికి వెంట వచ్చిన అతని అక్క తల పట్టుకుంది. "హాలంతా నవ్విన కోటురా అది! పెళ్లిలో నిన్ను చూసి నవ్వరూ?"

డ్రైవరు మొహం చిన్నబోయింది. "నిజంగానే నవ్వుతారా అత్తా?"

"నేనూ చూశాన్లే ఆ సినిమా. జనం నవ్వింది ఆ కోటీశ్వరుడి డాబుకి. పైగా ఆ కోటు భుజాలు జారిపోయి ఉన్నాయి. ఇది నీ ఒంటికి కుట్టింది. తొడుక్కో, తర్వాత మాట్లాడుకుందాం."

తొడుక్కున్నాడు. భుజాలు అతికినట్టు కూర్చున్నాయి. నవ్వబోయిన అక్క నోరు అలాగే ఉండిపోయింది.

"వెనక్కి తిరగరా... ఏదీ, ఇంకోసారి తిరుగు." ఆమె దగ్గరకొచ్చి కాలరు సర్దింది. "అచ్చం పెళ్లికొడుకులా ఉన్నావురా, సచ్చినోడా!"

టేపత్త కోటు విప్పించి, కాలరు మీద మిగిలిన దారప్పోగును పంటితో తెంపి, ఇస్త్రీ చేసి మడిచింది. మడతను అక్క చేతుల్లో పెట్టింది.

"నువ్వే పట్టుకెళ్లమ్మా. వీడు నలిపేస్తాడు."